అతుకు తెలియకపోతేనే అది పియానో!

ఫోన్‌లో ఒక యాప్ తెరిస్తే గ్రాండ్ పియానో. ఇంకో యాప్‌లో పాతకాలపు అప్‌రైట్. మరోదాంట్లో దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టు మెత్తగా పలికే ఫెల్ట్ పియానో. ఇన్ని చేతికి అందాక 'దీని కింది స్వరాలు, దాని పై స్వరాలు తీసుకుని రెండూ ఒకే కీబోర్డు మీద పెట్టుకుంటే ఎలా ఉంటుంది?' అనే ఆలోచన రాకుండా ఉంటుందా! పెట్టుకోవచ్చు. పది నిమిషాల పని. కాకపోతే అలా పెట్టినది రెండు ముక్కల అతుకుల బొంతలా కాకుండా ఒకే వాయిద్యంలా వినిపించాలంటే కొంచెం లోపలికి వెళ్లాలి. ఈ పని తెలిస్తే ఉచితంగా దొరికే శబ్దాలతోనే బోలెడు చేయొచ్చు. తెలియకపోతే వేలకు వేలు పోసి కొన్నవి కూడా ఒకదానికొకటి కలవవు.

ఎందుకు కలపడం? ఒకటి చాలదా?

చాలామందికి చాలు. కానీ ఏ పియానో అయినా ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకే అందంతో పలకదు. అందులో తయారీదారు తప్పేమీ లేదు. ఫిజిక్సే అలా ఉంది.

పూర్తి పియానోకి 88 మెట్లు. మన హార్మోనియం వాళ్లు వాడే మాటే వాడుకుందాం, కీ అంటే మెట్టు. ఎడమ చివరి మెట్టు తీగ సెకనుకు 27.5 సార్లు కంపిస్తే, కుడి చివరిది 4,186 సార్లు కంపిస్తుంది. ఆ కుడి చివరి తీగ పొడవు సుమారు 5 సెంటీమీటర్లు. ఒక్కో స్థాయి కిందికి దిగినప్పుడల్లా పొడవు రెట్టింపు చేస్తూ పోయామనుకోండి, ఏడు స్థాయిలు దిగేసరికి తీగ 6 మీటర్లు దాటుతుంది. కచేరీ హాళ్లలో పెట్టే భారీ గ్రాండ్ పియానో మొత్తం పొడవే 2.75 మీటర్లకు అటూ ఇటూ. ఇక గోడకు ఆనించి పెట్టే అప్‌రైట్ సంగతి చెప్పక్కర్లేదు. అంత తీగ ఎక్కడ పడుతుంది?

అందుకే పొడవు బదులు బరువు పెంచుతారు. ఉక్కు తీగ చుట్టూ రాగి తీగ చుడతారు. దాంతో స్వరం కిందికి దిగుతుంది. కానీ తీగ పొట్టిగా, మందంగా అయ్యేకొద్దీ బిగుసుకుపోతుంది. దాని నుంచి వచ్చే అనుస్వరాలు లెక్క ప్రకారం రెండింతలు, మూడింతల దగ్గర కాకుండా కాస్త పైకి జరుగుతాయి. చిన్న అప్‌రైట్‌లో మంద్ర స్వరం గంభీరంగా కాకుండా డబ్బా మోగినట్టు వినిపించడానికి కారణం ఇదే. అదే అప్‌రైట్ మధ్య స్థాయిలో వాయిస్తే మాత్రం మన పక్కనే కూర్చుని మాట్లాడినట్టు ఎంత దగ్గరగా ఉంటుందో! గ్రాండ్‌కి ఆ దగ్గరితనం తక్కువ. కానీ దాని మంద్రం ముందు ఏదీ నిలబడదు.

కింద గ్రాండ్, మధ్యలో అప్‌రైట్ అనే కోరిక పుట్టేది ఇక్కడే. కలపకూడదని ఎవరూ అనలేదు. అసలు ఈ పని మనవాళ్లు ఎప్పటి నుంచో చేస్తున్నారు కూడా.

మీ తాతగారి హార్మోనియంలోనే ఉంది

పద్యనాటకాల్లో వాయించే హార్మోనియం ముందు భాగం ఒకసారి చూడండి. లాగే నాబ్‌లు వరుసగా ఉంటాయి. ఒకటి లాగితే బేస్ రీడ్లు, ఇంకోటి లాగితే మేల్ రీడ్లు, మరోటి లాగితే ఫిమేల్ రీడ్లు పలుకుతాయి. రెండు లాగితే ఒకే మెట్టుకి రెండు గొంతులు. కప్లర్ ఉన్న పెట్టె అయితే ఒక మెట్టు నొక్కితే పక్క స్థాయిలోని అదే స్వరం కూడా దానంతట అదే పలుకుతుంది. ఇవాళ మనం స్టైల్‌గా 'లేయర్' అంటున్నది ఇదే.

ఇక కీబోర్డును అడ్డంగా రెండు ముక్కలు చేసి ఎడమ చేతికి ఒక శబ్దం, కుడి చేతికి ఇంకో శబ్దం ఇవ్వడాన్ని 'స్ప్లిట్' అంటాం. ఇది ఇంకా పాతది. స్పెయిన్, పోర్చుగల్ చర్చిల్లోని పైప్ ఆర్గన్‌లలో 16వ శతాబ్దం చివరికే ఈ ఏర్పాటు ఉంది. ఒకే వరుస మెట్లు, కానీ మధ్యకు ఎడమ వైపు గొట్టాలు వేరు, కుడి వైపు గొట్టాలు వేరు. ఫ్రాన్సిస్కో కొర్రెయా దె అరౌహో అనే స్పానిష్ విద్వాంసుడు 1626లో అచ్చు వేసిన పుస్తకంలో ఇలా విడగొట్టిన మెట్ల కోసమే రాసిన రచనలు ఉన్నాయి.

ఎలక్ట్రానిక్ యుగంలో దీన్ని అందరికీ అందించింది మిడి. 1983లో మిడి ప్రమాణం వచ్చింది. అదే ఏడాది యమహా డీఎక్స్7 కూడా వచ్చింది. దాని గాజు గంటల్లాంటి ఎలక్ట్రిక్ పియానో శబ్దాన్ని మామూలు పియానో మీద పరిచి వాయించడం ఆ దశాబ్దపు స్లో పాటలకు ఒక గుర్తుగా మారిపోయింది. మన దగ్గర పెళ్లి ఆర్కెస్ట్రాలోనో, చర్చిలోనో కీబోర్డు వాయించేవాళ్లు పియానో కింద స్ట్రింగ్స్ కలిపి వాయించేది కూడా అదే లైనులోది.

మిడి పంపేది శబ్దం కాదు, చీటీ!

మీరు మెట్టు నొక్కగానే కీబోర్డు నుంచి ల్యాప్‌టాప్‌కో ఫోన్‌కో శబ్దం వెళ్లదు. ఒక చిన్న చీటీ వెళ్తుంది. అందులో ఉండే ముఖ్యమైన సంగతులు రెండే: ఏ నంబరు మెట్టు, ఎంత వేగంగా నొక్కారు. రెండో దాన్నే వెలాసిటీ అంటారు, 1 నుంచి 127 దాకా ఉంటుంది. వేలు తీయగానే ఇంకో చీటీ. పెడల్ తొక్కితే మరో చీటీ. అంతే. ఆ చీటీ చదివి శబ్దం చేసేది యాప్ పని.

కాబట్టి స్ప్లిట్ అంటే కోడ్‌లో ఒక 'ఇఫ్' కండిషన్ అన్నమాట. నంబరు 48 కన్నా తక్కువైతే ఈ పియానోకి పంపు, లేకపోతే ఆ పియానోకి పంపు. లేయర్ అంటే అదే చీటీ జిరాక్స్ తీసి ఇద్దరికీ ఇవ్వడం.

ఇక్కడ ఒక చిక్కుంది. మెట్ల పేర్లు కంపెనీని బట్టి మారతాయి. కీబోర్డు మధ్యలో ఉండే సీ మెట్టును రోలాండ్ వాళ్లు సీ4 అంటే, యమహా వాళ్లు సీ3 అంటారు. ఒక యాప్‌లో చూసిన పేరును ఇంకో యాప్‌లో పెడితే స్ప్లిట్ ఒక స్థాయి పక్కకు పడుతుంది. నంబరు మాత్రం ఎక్కడైనా ఒకటే. మధ్య సీ అంటే 60. పూర్తి పియానో 21 నుంచి 108 దాకా. 61 మెట్ల కీబోర్డు మామూలుగా 36 నుంచి 96 దాకా. పేర్లు వదిలేసి నంబర్లు పట్టుకోండి, సగం గందరగోళం తగ్గిపోతుంది.

అసలు పియానోలోనూ అతుకుంది

సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకి ఒక అనుభవం ఉంటుంది. రెండు మాడ్యూళ్లు విడివిడిగా బాగానే నడుస్తాయి. బగ్ వచ్చేది అవి కలిసే చోట. పియానోల సంగతీ అంతే. కానీ ఆ చోటు గురించి పియానో తయారీదారులకు మనకంటే బాగా తెలుసు. ఎందుకంటే అసలు పియానో లోపలే ఒక అతుకు ఉంది.

గ్రాండ్ మూత ఎత్తి చూస్తే మంద్ర తీగలు ఒక గుంపుగా, మిగతా తీగల మీదుగా ఏటవాలుగా వెళ్తూ కనిపిస్తాయి. అవి ఆనే బ్రిడ్జి కూడా వేరే. అట్టడుగున మెట్టుకు ఒకే తీగ, తర్వాత రెండు, ఆ పైన మూడు. ఒక చోట రాగి చుట్టిన తీగలు ఆగిపోయి ఉత్త ఉక్కు తీగలు మొదలవుతాయి. పక్కపక్కనే ఉన్న రెండు మెట్ల వెనక ఇంత తేడా ఉంటుంది. దీన్నే 'బ్రేక్' అంటారు. చిన్న పియానోలలో ఇది కాస్త పైన ఉంటుంది, పెద్దవాటిలో ఇంకా కిందికి జరుగుతుంది.

మరి మనకెందుకు వినిపించదు? ఎవరో కష్టపడి దాచారు కాబట్టి. పియానో టెక్నీషియన్ ఆ చుట్టుపక్కల సుత్తుల ఫెల్ట్‌ను సూదులతో గుచ్చి మెత్తబరుస్తాడు. మరీ మెత్తగా ఉన్నదాన్ని రుద్ది గట్టిపరుస్తాడు. శ్రుతిని వెంట్రుకవాసి సర్దుతాడు. పక్క మెట్టుతో పోల్చుకుంటూ మళ్లీ మళ్లీ వింటాడు. మంచి పియానోలో అతుకు తెలియదంటే దాని వెనక ఈ చేతిపని ఉంది.

రెండు వర్చువల్ పియానోలు కలిపినప్పుడు ఆ టెక్నీషియన్ ఉద్యోగం మీకొస్తుంది. యాప్ స్ప్లిట్ బటన్ ఇస్తుంది కానీ టెక్నీషియన్‌ను ఇవ్వదు.

అతుకు బయటపడేది ఈ అయిదు చోట్లే

1. శబ్దం: ఒకటి గట్టిగా, ఒకటి నెమ్మదిగా ఉండటం. అందరికీ మొదట తెలిసేది, సులువుగా సర్దుకునేది ఇదే. అతుకుకు అటు మూడు మెట్లు, ఇటు మూడు మెట్లు ఒకే జోరుతో వాయిస్తూ వాల్యూం కలపండి. కీబోర్డు రెండు చివరలూ పోల్చి కలిపితే ప్రయోజనం లేదు.

2. స్పర్శ: వెలాసిటీ 64 అంటే ఒక పియానోకి మాట్లాడే గొంతు, ఇంకోదానికి గుసగుస. నెమ్మదిగా వాయించినప్పుడు కలిసినవి గట్టిగా వాయిస్తే విడిపోయేది ఇందుకే. మెత్తగా, మధ్యస్థంగా, గట్టిగా మూడు రకాలుగా వాయించి చూసి, తేడా ఉన్న పియానో వెలాసిటీ కర్వ్‌ను వంచాలి. శాంపిల్ చేసిన పియానోలలో ఇంకో చిక్కు. ఒక్కో స్వరాన్ని ఎన్ని రకాల జోరుతో రికార్డు చేశారన్నది ఒక్కో దాంట్లో ఒక్కోలా ఉంటుంది. ఒక పక్క 16 పొరలు, ఇంకో పక్క 3 పొరలే ఉంటే జోరు పెంచుకుంటూ పోయేటప్పుడు ఒకటి మెట్లెక్కినట్టు, ఇంకోటి ర్యాంప్ మీద నడిచినట్టు ఉంటాయి.

3. శ్రుతి: రెండూ 440కే శ్రుతి చేసి ఉన్నాయి కదా, ఇక తేడా ఏంటి అనిపించొచ్చు. ఉంది. బిగుసుకున్న తీగల అనుస్వరాలు పైకి జరుగుతాయని చెప్పుకున్నాం కదా. వాటికి సరిపోయేలా పియానో మంద్ర స్వరాలను లెక్కకన్నా కాస్త కిందికి, తార స్వరాలను కాస్త పైకి శ్రుతి చేస్తారు. చివరల్లో ఈ తేడా 30 సెంట్ల దాకా పోవచ్చు. ఒక మెట్టుకీ పక్క మెట్టుకీ మధ్య దూరం 100 సెంట్లు. రైల్స్‌బ్యాక్ అనే ఆయన 1938లో దీన్ని గీతగా గీసి చూపించాడు కాబట్టి రైల్స్‌బ్యాక్ కర్వ్ అంటారు. ఈ సాగదీత ప్రతి పియానోకీ వేరు. అందుకే అతుకుకు ఇటు ఒకటి, అటు ఒకటి ఒకే స్వరాన్ని రెండు స్థాయిల్లో కలిపి నొక్కితే వణుకు వినిపిస్తుంది. 440 దగ్గర 5 సెంట్ల తేడా ఉన్నా సెకనుకు ఒకసారికి పైగా 'వావ్... వావ్' అంటుంది. ఒక పియానో ఫైన్ ట్యూన్‌ను సెంటు సెంటుగా జరిపి ఆ వణుకు ఆగేచోట ఆపండి.

4. మైకు ఎక్కడుంది: ఒక పియానోను తీగల మీద జానెడు ఎత్తులో మైకు పెట్టి రికార్డు చేసి ఉంటారు. ఇంకోదాన్ని హాల్లో నాలుగో వరుస నుంచి. రెండూ కలిపితే ఎడమ చెయ్యి హాల్లో, కుడి చెయ్యి చెవి దగ్గర ఉన్నట్టుంటుంది. రెండింటిలోనూ ఉన్న రివర్బ్ తీసేసి, రెండింటినీ కలిపి ఒకే రివర్బ్‌లోకి పంపండి. ఒకే గదిలో కూర్చోబెట్టినట్టు అవుతుంది. స్టీరియో దిక్కులు కూడా చూసుకోవాలి. వాయించేవాడి వైపు నుంచి రికార్డు చేస్తే మంద్రం ఎడమ చెవిలో, తారం కుడి చెవిలో వినిపిస్తాయి. ప్రేక్షకుడి వైపు నుంచి అయితే అలా ఉండదు. ఒకటి అలా, ఒకటి ఇలా ఉంటే స్వరం అతుకు దాటగానే గెంతుతుంది.

5. పెడల్: అసలు పియానోలో పెడల్ తొక్కితే తీగలన్నీ స్వేచ్ఛగా ఉంటాయి. కింద ఒక స్వరం కొడితే పైన ఉన్న తీగలు కూడా సన్నగా గొంతు కలుపుతాయి. స్ప్లిట్ చేశాక ఎడమ పియానోకి కుడి పక్కన ఇంకో పియానో ఉందన్న సంగతే తెలియదు. పెడల్ చీటీ రెండింటికీ వెళ్తోందో లేదో ముందు చూసుకోండి. చాలాసార్లు ఒకదానికే వెళ్తుంది! తర్వాత ఉమ్మడి రివర్బ్ కొంత వరకు ఆ లోటు తీరుస్తుంది. ఇంకో చిన్న విషయం. పియానో కుడి చివర దాదాపు ఒకటిన్నర స్థాయి మెట్లకు డ్యాంపర్లు ఉండవు, వేలు తీసినా స్వరం దానంతట అదే ఆరిపోవాలి. అక్కడ వేలు తీయగానే టక్కున ఆగిపోయే శబ్దం పెడితే వెంటనే తేడా తెలిసిపోతుంది.

గీత గీయొద్దు, కలిపి కుట్టండి

స్ప్లిట్ అనగానే ఒక మెట్టు దగ్గర గీత గీస్తాం. దానికన్నా మంచి పద్ధతి, రెండింటినీ ఏడెనిమిది మెట్ల మేర ఒకదాని మీద ఒకటి వచ్చేలా పెట్టి, ఒకటి తగ్గుతుంటే ఇంకోటి పెరిగేలా చేయడం. దీన్ని కీ క్రాస్‌ఫేడ్ అంటారు.

సరిగ్గా మధ్య మెట్టు దగ్గర రెండూ ఎంతెంత ఉండాలి? సగం సగం అనుకుంటాం. కానీ అలా పెడితే అక్కడ గుంట పడుతుంది. రెండు వేర్వేరు పియానోల తరంగాలు ఒకదానితో ఒకటి అచ్చంగా కలిసి నడవవు కాబట్టి వాటి ఎత్తులు నేరుగా కూడవు, శక్తులు కూడతాయి. సగం సగం పెడితే మొత్తం సుమారు 3 డెసిబెల్స్ తగ్గిపోతుంది. ఒక్కోటి దాదాపు 70 శాతం ఉండేలా పెడితే సమంగా వినిపిస్తుంది. చాలా సాఫ్ట్‌వేర్లలో దీనికి 'ఈక్వల్ పవర్' అనే పేరుతో ఆప్షన్ ఉంటుంది, అది ఎంచుకుంటే చాలు.

మరి అతుకు ఎక్కడ వేయాలి? మధ్య సీ దగ్గర మాత్రం వద్దు. పాటలో రాగం ఎక్కువగా తిరిగే వీధి అది, చెవి అక్కడే కాపలా కాస్తుంది. 45 నుంచి 52 నంబర్ల మధ్య బాగుంటుంది. ఎడమ చేతి బేస్ స్వరానికి పైన, కార్డులకు కింద పడుతుంది. అసలు పియానోల బ్రేక్ కూడా ఆ దాపుల్లోనో, ఇంకాస్త కిందనో ఉంటుంది కాబట్టి అక్కడ చిన్న తేడా వచ్చినా చెవికి వింతగా తోచదు.

రూపాయి ఖర్చు లేకుండా ఒక నమూనా

ల్యాప్‌టాప్, యూఎస్‌బీ ఉన్న ఏదైనా కీబోర్డు ఉంటే ఇలా మొదలుపెట్టొచ్చు.

మంద్రానికి సాలమాండర్ గ్రాండ్ పియానో తీసుకోండి. యమహా సీ5 గ్రాండ్‌ను 16 వెలాసిటీ పొరలతో రికార్డు చేసి ఉచితంగా ఇచ్చారు. మధ్య, తార స్థాయిలకు ఫ్రీప్యాట్స్ వాళ్ల అప్‌రైట్ పియానో కేడబ్ల్యూ. ఇది కవాయి అప్‌రైట్ నుంచి తీసినది, ఇదీ ఉచితమే. రెండూ ఎస్‌ఎఫ్‌జెడ్ అనే ఫార్మాట్‌లో దొరుకుతాయి. వాటిని వాయించడానికి ప్లోగ్ కంపెనీ ఇచ్చే స్ఫోర్జాందో ప్లేయర్ కూడా ఉచితం. మీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో రెండు ట్రాకులు తెరిచి, రెండింట్లో ఈ ప్లేయర్ పెట్టి, రెండింటికీ ఒకే కీబోర్డును ఇన్‌పుట్‌గా ఇవ్వండి.

ఎస్‌ఎఫ్‌జెడ్ ప్రత్యేకత ఏంటంటే అది ఉత్త టెక్స్ట్ ఫైలు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు. ఏ శాంపిల్ ఏ మెట్టు నుంచి ఏ మెట్టు దాకా, ఏ వెలాసిటీకి అన్నది వరుసగా రాసి ఉంటుంది. గ్రాండ్ ఫైలులోని గ్రూపులకు 45 నుంచి 52 లోపు తగ్గిపోవాలని, అప్‌రైట్ ఫైలులోని గ్రూపులకు అదే హద్దుల్లో పెరగాలని ఒక్కో వరుస చేరిస్తే క్రాస్‌ఫేడ్ తయారు. ఈ వరుసలకు 'ఎక్స్‌ఎఫ్ అవుట్', 'ఎక్స్‌ఎఫ్ ఇన్' అనే పదాలు వాడతారు. అసలు ఫైలుకు ఒక కాపీ తీసి పక్కన పెట్టుకుని మొదలుపెట్టండి.

ఆ తర్వాత పైన చెప్పిన అయిదూ అదే వరుసలో సర్దండి: వాల్యూం, వెలాసిటీ, శ్రుతి, రివర్బ్, పెడల్. ఇది ఒక సాయంత్రం పని. మూడో పియానో కూడా కలపాలని చెయ్యి దురద పెడుతుంది. మొదటి అతుకు పూర్తిగా కలిసేదాకా ఆగండి. ఎందుకంటే ఇంకో పియానో అంటే ఇంకో అతుకు, దానికి మళ్లీ ఈ అయిదూ.

ఇదంతా తప్పించుకునే దారి ఒకటుంది, కాకపోతే డబ్బు పెట్టాలి. ఫ్రాన్స్‌కు చెందిన మోదార్ సంస్థ తయారుచేసే పియానోటెక్‌లో రికార్డు చేసిన శాంపిళ్లు ఉండవు. తీగ, సుత్తి, చెక్క ఎలా కంపిస్తాయో అప్పటికప్పుడు లెక్కగట్టి శబ్దం పుట్టిస్తుంది. 7వ వెర్షన్ నుంచి రెండు పియానోలను పొరలుగా పరచడం, ఒకదాన్నుంచి ఇంకోదానిలోకి కరిగించడం కూడా అందులో వచ్చాయి. అన్ని ఎడిషన్‌లలో ఉండదు కాబట్టి కొనే ముందు చూసుకోవాలి. రెండు పియానోలూ ఒకే లెక్కల యంత్రం నుంచి వస్తాయి కాబట్టి మైకు తేడాలు, స్పర్శ తేడాలు చాలావరకు ముందే తగ్గిపోతాయి.

ఒకదాని మీద ఒకటి పరిస్తే?

లేయర్‌లో అతుకు ఉండదు కాబట్టి ఇది సులువు అనుకుంటారు. దీని ఇబ్బందులు దీనికున్నాయి. ఒకే మెట్టుకు రెండు పియానోలు ఒకేసారి పలికితే కొన్ని పౌనఃపున్యాలు ఒకదాన్నొకటి మింగేసుకుంటాయి, శబ్దం పెద్దది కాకుండా బోలుగా అవుతుంది. శ్రుతిలో కొద్ది తేడా ఉంటే పాత ఇంగ్లీషు కౌబాయ్ సినిమాల్లోని బార్ పియానోలా వణుకుతుంది. ఒకదాని శాంపిల్ మొదట్లో కొన్ని మిల్లీసెకన్ల నిశ్శబ్దం ఉంటే రెండు సుత్తులు వేర్వేరుగా కొట్టినట్టు 'టటక్' అంటుంది.

కాబట్టి రెండు పూర్తి పియానోలు పరచొద్దు. పని పంచండి. స్పష్టంగా పలికేదాన్ని ముందు పెట్టి, రెండోదాన్ని సగం కన్నా తక్కువకు దించి, దాని పై పౌనఃపున్యాలు ఫిల్టర్‌తో కోసేయండి. ముందుది దెబ్బ ఇస్తుంది, వెనకది ఒళ్లు ఇస్తుంది. ఫెల్ట్ పియానోలు ఈ వెనక పాత్రకు చక్కగా సరిపోతాయి.

ఇంకో లెక్క కూడా చూసుకోవాలి. మీ కీబోర్డు ఒకేసారి 64 స్వరాలు పలికించగలదనుకోండి. లేయర్ వేయగానే అది 32 అయినట్టే. పెడల్ తొక్కి గబగబా వాయిస్తే పాత స్వరాలు మధ్యలోనే తెగిపోతుంటాయి. ప్రాక్టీసులో తెలియదు, స్టేజీ మీద పాట పీక్‌కి వెళ్లినప్పుడు తెలుస్తుంది!

ఫోన్‌లో అవుతుందా?

అవుతుంది. ఐఫోన్, ఐప్యాడ్‌లో ఏయూఎం లాంటి మిక్సర్ యాప్‌లో రెండు పియానో యాప్‌లను పక్కపక్కన తెరిచి, దేనికి ఏ నంబరు మెట్ల నుంచి చీటీలు వెళ్లాలో విడివిడిగా చెప్పొచ్చు. ఆండ్రాయిడ్‌లో ఆడియో ఎవల్యూషన్ మొబైల్ లాంటి యాప్‌లు సౌండ్‌ఫాంట్ ఫైళ్లను తెరుస్తాయి. కీబోర్డును ఓటీజీ కేబుల్‌తో కలపాలి.

ఫోన్‌లో అసలు శత్రువు ఆలస్యం. మెట్టు నొక్కాక శబ్దం రావడానికి 10 మిల్లీసెకన్లు పడితే పెద్దగా తెలియదు. స్పీకరుకు మూడున్నర మీటర్ల దూరంలో కూర్చున్నట్టు, అంతే. దానికి రెండు మూడింతలైతే వేళ్లు తడబడతాయి. యాప్ సెట్టింగ్స్‌లో బఫర్ 256 పెడితే 48,000 శాంపిల్ రేటు దగ్గర దాని వాటా 5 మిల్లీసెకన్ల చిల్లర. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ మాత్రం వాయించేటప్పుడు పక్కన పెట్టేయండి. అవి కలిపే ఆలస్యం ముందు ఈ సర్దుబాట్లేవీ నిలబడవు. వైరుదే వాడండి.

కొనే ముందు ఒక పరీక్ష

కొత్త పియానో లైబ్రరీ డెమో వింటే ఎవరికైనా కొనాలనిపిస్తుంది. డెమోలో అది ఒంటరిగా పలుకుతుంది కాబట్టి బాగానే ఉంటుంది. మీ దగ్గరున్న దానితో కలుస్తుందా అన్నది డెమో చెప్పదు. అందుకే ముందు ఉచితంగా దొరికిన రెండింటిని ఒకసారి కలిపి చూడండి. కలిశాక ఈ నాలుగు పనులు చేయండి.

- అతుకుకు ఒక స్థాయి కింద నుంచి ఒక స్థాయి పైదాకా తెల్ల, నల్ల మెట్లన్నీ వరుసగా, ఒకే జోరుతో వాయించండి. ఎక్కడైనా చెవి ఆగిందా?
- అదే వరుస మెత్తగా ఒకసారి, గట్టిగా ఒకసారి.
- అతుకుకు అటూ ఇటూ ఒకే స్వరాన్ని రెండు స్థాయిల్లో కలిపి నొక్కి, ఆరిపోయేదాకా వినండి. వణుకు ఉందా? ఒకటి ముందే ఆరిపోతోందా?
- మీకు బాగా వచ్చిన పాట పెడల్‌తో వాయించి రికార్డు చేసి, మర్నాడు వినండి. పక్కన స్నేహితుడికి కూడా వినిపించండి. అతుకు ఉందని మాత్రం ముందే చెప్పొద్దు.

స్నేహితుడు ఏమీ అడగకుండా పాట గురించి మాట్లాడాడంటే అతుకు కలిసినట్టే. 'మధ్యలో ఏదో మారింది' అన్నాడంటే ఏ మెట్టు దగ్గరో అడిగి తెలుసుకుని అక్కడికి వెళ్లండి. సరిచేయాల్సింది ఆ నాలుగైదు మెట్లే. కొత్తగా ఏదీ కొననక్కర్లేదు.